ఇక్కత్ వివాదం: ఆసు యంత్రాన్నీ సాంచానూ ఒకే గాటన కట్టలేం

నూలుకు ముందే రంగులద్ది చేత్తో నేసే పోచంపల్లి ఇక్కత్ పేరుతో సాంచాల (మరమగ్గాల) మీద నేసిన బట్టనూ, ఇక్కత్ నమూనా అచ్చొత్తిన పాలిస్టర్ చీరలనూ అమ్ముతున్నారన్న వివాదం మళ్లీ రాజుకుంది. ఈ అమ్మకాలను సమర్థించేవారి వైపు నుంచి ఒక వాదన గట్టిగా వినిపిస్తోంది. చేనేతవారే ఆసు పోయడానికి, అంటే రంగులద్దే ముందు నూలును పేర్చడానికి, యంత్రం పెట్టుకున్నారు, నూలు కండెలు చుట్టడానికి మోటారు పెట్టుకున్నారు, అలాంటప్పుడు మగ్గానికి మోటారు బిగిస్తే తప్పేమిటని వారు అడుగుతున్నారు. వినగానే సబబే కదా అనిపిస్తుంది. ఈ ప్రశ్న ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1985 దగ్గరికి వెళ్లాలి.

ఇంగ్లండులో జాన్ కే 1733లో ఎగిరే నాడెను (అడ్డపోగును అటూ ఇటూ మోసుకెళ్లే సాధనం), కార్ట్‌రైట్ 1785లో మరమగ్గాన్ని తయారుచేసిన సంగతి పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఆ కథలో మనకు పనికొచ్చేది ఒక్కటే. ఎగిరే నాడె మన గుంట మగ్గాల మీదికి కూడా వచ్చింది. నాడెను ఒక చేత్తో విసిరి మరో చేత్తో పట్టుకునే పని పోయి, తాడు లాగితే నాడె పరుగెత్తడం మొదలైంది. నేత వేగం పెరిగింది. అయినా దానిని చేనేత కాదని ఎవరూ అనలేదు. మగ్గం ఇంట్లోనే ఉంది, దానిని ఆడించేది నేతగాడి చేయీ కాలే.

1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. మిల్లులు మూతబడిన కొద్దీ నేత పని భీవండి వంటి మరమగ్గాల కేంద్రాలకు తరలిపోయింది. ఆ సాంచాలను నడిపిన చేతుల్లో మనవి ఎన్నో ఉన్నాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మగ్గం కూడు పెట్టక షోలాపూర్, భీవండి, సూరత్ వెళ్లిపోయిన కుటుంబాలు వాటి మీద కూలికి నిలబడ్డాయి. ఇంట్లో తన మగ్గం మీద తాను నేసుకున్న మనిషి, పొరుగు రాష్ట్రంలో సేఠు సాంచా దగ్గర షిఫ్టు మనిషి అయ్యాడు. ఇంట్లో ఆసు పోసిన భార్యకూ, కండెలు చుట్టిన తల్లికీ ఆ సాంచాల షెడ్డులో పని లేదు. బట్ట నేసే పద్ధతి మారితే ఇల్లు ఎలా మారుతుందో చూడటానికి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు.

ఇది జరుగుతుందని ప్రభుత్వానికి తెలియక కాదు. ఒక్క మరమగ్గం వస్తే ఆరు చేనేత మగ్గాలు ఆగిపోతాయని 1974లోనే శివరామన్ కమిటీ చెప్పింది. అందుకే 1985 మార్చిలో పార్లమెంటు చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ చట్టం చేసింది. మొదట కేటాయించినవి 22 రకాలు. వాటిని మరమగ్గాల మీద నేయడం నేరం.

మూడు నెలలు తిరగకుండానే, జూన్‌లో, కేంద్రం కొత్త జౌళి విధానం ప్రకటించింది. ఉపాధికి పెద్దపీట వేసిన పాత ఆలోచన పక్కకు జరిగి, నాణ్యమైన బట్టను అందుబాటు ధరకు ఎక్కువగా ఉత్పత్తి చేయడం ముఖ్య లక్ష్యమైంది. మరమగ్గాల విస్తరణకు ఉన్న అడ్డంకులు సడలాయి. చట్టం ఒక తలుపు మూస్తే విధానం ఇంకో తలుపు బార్లా తెరిచింది. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. తర్వాత జరిగినవన్నీ ఈ రెండింటి మధ్య పెనుగులాటే.

ఆ పెనుగులాటలో చట్టానికి కాలూనే వ్యవధి దొరకలేదు. మరమగ్గాల యజమానులు కోర్టులకెక్కి స్టేలు తెచ్చుకున్నారు. సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూ తీర్పు చెప్పేసరికి 1993 ఫిబ్రవరి వచ్చింది. ఆ ఎనిమిదేళ్లలో సాంచాల బట్ట బజారులో పాతుకుపోయింది. ఆపైన 22 రకాలు 11కు తగ్గాయి. చీర, ధోతీ, లుంగీ, దుప్పటి, తువ్వాలు వంటివి మిగిలాయి. చేనేత మగ్గాలకు కావలసిన చిలపల (లడీల) నూలు కథా ఇంతే. మిల్లులు బజారుకు పంపే నూలులో సగం చిలపలుగా ఇవ్వాలన్న నిబంధన 2003లో 40 శాతానికి, 2019లో 30 శాతానికి దిగింది. 1995 నాటి గణనలో దేశంలో చేనేత పనివారు 65 లక్షలకు పైగా ఉంటే, 2009–10లో 43 లక్షలు, 2019–20లో 35 లక్షలు తేలారు.

ఇప్పుడు ఆసు సంగతి. పేక (అడ్డపోగు) నూలుకు రంగులద్దే ముందు దానిని ఒక కొలతలో పేర్చుకోవాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీద వరసగా మేకులుంటాయి, ఎదురుగా ఇంకో మేకు ఉంటుంది. పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని, చేసేది దాదాపు ఎప్పుడూ ఇంటి ఆడవాళ్లే. రెండు చీరలకు పోస్తే రాత్రికి భుజం లేవదు. పేర్చిన నూలు మీద గుర్తులు పెట్టి, సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టాలి. ఇదే చిటికి కట్టడం. బొమ్మ నేతకు ముందే నూలులో పుడుతుంది కాబట్టి బట్టకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, దాని అంచులు కాస్త మసకబారినట్టుంటాయి. అచ్చొత్తిన చీరను తిరగేసి చూస్తే వెనక రంగు వెలవెలబోతుంది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడే తల్లి లక్ష్మిని చూసి, ఏళ్లపాటు శ్రమపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఈ యంత్రం ఎవరి పనిని తీసేసింది? భుజం నొప్పిని తీసేసింది. అది నేతగాడి ఇంట్లోనే ఉంటుంది, మగ్గానికి నూలు త్వరగా అందిస్తుంది, దాంతో మగ్గం ఎక్కువ ఆడుతుంది. ఆసు పోయలేని ఆడవాళ్లున్న ఇంట్లో కూడా నేత సాగుతుంది. సాంచా చేసేది పూర్తిగా వేరే పని. అది మగ్గం స్థానంలోకే వస్తుంది, ఒకే మనిషిని ఎన్నో మగ్గాల మధ్య నిలబెడుతుంది, మిగతావారిని ఇంటికి పంపుతుంది. రెంటికీ మోటారు ఉందని రెంటినీ ఒకటనడం న్యాయం కాదు.

రెండూ ఒకటేనన్న వాదన కొత్తది కూడా కాదు. నేతలో ఏదో ఒక దశ చేత్తో జరిగితే చాలు, దానిని చేనేతగా లెక్కించవచ్చని దశాబ్దం కిందట ఢిల్లీ స్థాయిలో ప్రతిపాదన వచ్చింది. చేనేత సంఘాలు గట్టిగా అడ్డుకున్నాయి. ఆ ప్రతిపాదన నెగ్గి ఉంటే చిటికి చేత్తో కట్టి సాంచా మీద నేసిన బట్టకు కూడా ఈ రోజు చేనేత ముద్ర పడేది.

సాంచాల వైపు మాట కూడా ఉంది. చేతి ఇక్కత్ కొనలేని ఇల్లాలికి ఆ అందం తక్కువ ధరకు దొరుకుతోందని వారంటారు. సిరిసిల్లలో సాంచాలు నడిపేవారూ కూలిజనమే. ఆ మాట నిజం. కానీ తక్కువ ధరకు అమ్మడం వేరు, పోచంపల్లి పేరు పెట్టి అమ్మడం వేరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004–05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశంలో ఆ నమోదు పొందిన మొదటి కొన్నింటిలో అదొకటి. గద్వాల, నారాయణపేట చీరలకూ, పుట్టపాక తేలియా రుమాలుకూ తర్వాత దక్కింది. అయితే ఆ గుర్తింపు కాపాడేది ముఖ్యంగా పేరును. పేరు చెప్పకుండా నమూనాను మాత్రం అచ్చొత్తి అమ్మేవాడు దానికి చిక్కడు. 1985 చట్టం నేత గురించి మాట్లాడుతుంది, అచ్చు గురించి కాదు. ఈ రెండు చట్టాల మధ్య సందులోంచే నకిలీ సరుకు గుట్టలుగా వస్తోంది. అసలు ఇక్కత్ నేసే మగ్గాలు ఆగిపోతున్నాయి.

1985 చట్టం మగ్గాన్ని నిర్వచించిన తీరు ఈ రోజు వాదనకు నేరుగా తగులుతుంది. మరమగ్గం కాని మగ్గం ఏదైనా చేనేత మగ్గమే అని అది చెబుతుంది. ఆ నిర్వచనం ఇప్పటికీ అలాగే ఉంది. ఆసు యంత్రం బట్ట నేయదు, దాని మీద పడుగూ పేకా కలవవు.