ఇంగ్లండ్ టీవీలో బాలనటులు: అపోహలు - వాస్తవాలు

నేను ఇక్కడి టీవీ సెట్లలో చాపరోన్‌ని. షూటింగ్ ఉన్నంతసేపూ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటమే నా పని. ఏ తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా ఈ మాటలే వినపడతాయి.

అపోహ: చిన్నప్పుడే తెరకెక్కితే చదువు అటకెక్కినట్టే.

కాదు. పిల్లలకు డబ్బులిస్తున్నా, స్కూల్ మానాల్సి వస్తున్నా స్థానిక కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. తొమ్మిదేళ్లు దాటిన పిల్లలైనా రోజుకు తొమ్మిదిన్నర గంటలకు మించి సెట్లో ఉండకూడదు. అందులో నటన, రిహార్సల్ కలిపి 5 గంటలే. స్కూల్ పోయిన రోజులకు రోజుకు 3 గంటల లెక్కన ట్యూటర్ పాఠం చెప్పాలి.

ఒకసారి పదేళ్ల పాప భిన్నాల లెక్కలు చేస్తోంది. అసిస్టెంట్ డైరెక్టర్ తలుపు దగ్గరికొచ్చి "ఒక్క షాట్ అండీ" అన్నాడు. పాఠం ఇంకా పన్నెండు నిమిషాలుంది. నా టైమ్ షీట్ చూపించాను. యూనిట్ మొత్తం ఆగింది. పాప పెన్సిల్ మాత్రం ఆగలేదు.

అపోహ: బాలనటి పెద్దయ్యాక కనుమరుగైపోతుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నేను సూజన్ టల్లీ పేరు చెబుతాను. 1967లో పుట్టింది. చిన్నపిల్లగానే టీవీలో కనిపించింది. 1981 నుంచి స్కూలు పిల్లల సీరియల్ 'గ్రేంజ్ హిల్'లో చేసింది. 1985లో బీబీసీ సీరియల్ 'ఈస్ట్‌ఎండర్స్' మొదలైనప్పుడు ఆమెకు 17 ఏళ్లు. టీనేజ్‌లోనే తల్లయిన మిషెల్ ఫౌలర్‌గా పదేళ్లు ఇంటింటికీ తెలిసిన మనిషి. 1995లో ఆ పాత్ర వదిలేసి కెమెరా వెనక్కి వెళ్లింది. డైరెక్టరయింది. తర్వాత పోలీసు సీరియల్ 'లైన్ ఆఫ్ డ్యూటీ' ఎపిసోడ్లు కూడా తీసింది. తెర మీద కనపడకపోతే ఓడిపోయినట్టు అనుకోవడం నాకు అస్సలు నచ్చదు. చిన్నప్పటి నుంచి సెట్లోనే పెరిగిన మనిషికి షాట్ ఎలా పుడుతుందో వేరే చెప్పాలా?

అదే 'ఈస్ట్‌ఎండర్స్'లో నటాలీ కాసిడీ 1993లో పదేళ్లకే సోనియా పాత్రలో అడుగుపెట్టింది. మధ్యలో వెళ్లింది, మళ్లీ వచ్చింది, పెద్దయ్యాక కూడా అదే సోనియాగా చేసింది.

అపోహ: నటన నేర్పే ఖరీదైన స్టేజ్ స్కూల్లో చేర్పిస్తేనే ఛాన్సులు.

లండన్ ఇజ్లింగ్టన్‌లో 1968లో ఆనా షేర్ అనే టీచరు బడి వదిలాక పిల్లలకు డ్రామా నేర్పడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల మామూలు ఇళ్ల పిల్లలే వచ్చేవాళ్లు. డైలాగులు బట్టీ పట్టించకుండా, అప్పటికప్పుడు అల్లుకుని నటించడం నేర్పారు. టల్లీతో పాటు తర్వాత పేరున్న నటీమణులైన పాలీన్ క్వర్క్, లిండా రాబ్సన్, కాథీ బర్క్ అందరూ ఆ క్లాసుల్లోంచి వచ్చినవాళ్లే.

అపోహ: అమ్మ పక్కనుంటే రూల్స్ ఉండవు.

అమ్మో నాన్నో ఉంటే చాపరోన్ అక్కర్లేదు, అంతే. పని గంటలు మారవు. ఇంకో మాట: ప్రొడక్షన్ వాళ్లు లైసెన్సుకు 21 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, అందులో మీ సంతకం ఉండాలి. కాబట్టి పాప సెలెక్టయిందని ఫోన్ వచ్చిన రోజే స్కూల్లో చెప్పండి.