చిత్త కార్తెలో చిత్త కనపడదు

పిల్లలూ,

వానకో పుస్తకం, చుక్కలకో పుస్తకం వద్దు. ఒకే నోటుబుక్కులో ఎడమ పేజీ పగటికి, కుడి పేజీ రాత్రికి ఉంచండి. మన పెద్దలు ఆ రెంటినీ ఏనాడూ విడదీయలేదు, కార్తెలూ నెలలూ చుక్కల పేర్లే కదా.

ముందు వానమాపకం. గోడలు నిటారుగా ఉన్న కూల్‌డ్రింకు సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టండి. అడుగున గులకరాళ్లు వేసి, సీసా సమంగా ఉన్నచోటిదాకా నీళ్లు పోసి గీత గీయండి. అదే సున్నా. అక్కణ్ణుంచి పైకి మిల్లీమీటర్ల స్కేలు అంటించండి. గరాటు మూతి సీసా నడుముకన్నా వెడల్పైతే లెక్క ఎక్కువ వస్తుంది, అందుకే అదే సీసా ముక్క కావాలన్నాను. సీసా మూతి నేలకు అడుగు ఎత్తున ఉంటే మట్టి చిందులు పడవు. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెట్టింపు దూరంలో పెట్టండి. రోజూ ఉదయం 8.30కి చూడాలి, వాతావరణ శాఖ కొలిచేదీ అప్పుడే. చూశాక మళ్లీ సున్నా గీతకు తేవాలి. వాన లేని రోజున కూడా నీరు ఆవిరై గీత కిందికి దిగుతుంది. అది నింపకపోతే మర్నాటి వాన తక్కువగా కనిపిస్తుంది. 2.5 మిల్లీమీటర్లో అంతకు మించో పడితేనే శాఖవారి లెక్కలో అది వాన రోజు.

గాలికి అది వచ్చే దిక్కు పేరే రాయండి. గాలి లేదనిపిస్తే అగరొత్తి పొగ చెబుతుంది. అక్టోబరు మధ్య దాటాక కోస్తాలో నైరుతి పోయి ఈశాన్యం మొదలవుతుంది. తుపాన్ల కాలం కూడా ఇదే: దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, విశాఖ మీదికి హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం సుమారుగా మీ ఎడమచేతి వైపు ఉంటుంది.

ఇక రాత్రి. చీకట్లో ఇరవై నిమిషాలు కూర్చుంటేగాని కళ్లు సిద్ధం కావు. మధ్యలో ఫోను చూస్తే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం కట్టండి. ఈ కాలంలో సాయంత్రం సప్తర్షులను వెతికి విసిగిపోకండి, అవి ఉత్తరాన నేల కిందికి దిగి ఉంటాయి. నవంబరు మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకు ఉత్తరాన శర్మిష్ఠ అయిదు చుక్కలూ ఇంగ్లీషు ‘ఎం’ అక్షరంలా నిలబడతాయి. దానికి మూడు పిడికిళ్లు కింద ధ్రువుడు. చెయ్యి చాపి పట్టిన పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. విజయవాడలో ధ్రువుడు నేలకు పదహారున్నర డిగ్రీల ఎత్తునే ఉంటాడు, ఆ ఊరి అక్షాంశం అంతే. అందుకే ఉత్తరాన మేడలుంటే దొరకడు.

కృత్తికలు, అదే మన పిల్లలకోడి, అక్టోబరు మొదట్లో రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఈశాన్యం పక్కన లేస్తాయి. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరిగి, నెలకు రెండు గంటలు తొందరపడతాయి. కార్తీక పున్నమికి చంద్రుడు వాటి దాపునే ఉంటాడు, నెలకు ఆ పేరు అందుకే. కానీ ఆ వెన్నెల్లోనే అవి మసకబారతాయి! పున్నమి వెళ్లిన అయిదారు రోజులకు, ఎనిమిదింటికి, చంద్రుడు రాకముందు చూడండి. చాలామందికి ఆరే కనిపిస్తాయి.

నెల పేరు రాత్రి కనిపించే చుక్కది, కార్తె పేరు కనిపించని చుక్కది. అక్టోబరు రెండో వారంలో సూర్యుడు చిత్త దగ్గరికి చేరతాడు, పధ్నాలుగు రోజులలా ఆ దాపునే ఉంటాడు. ఆ వెలుగులో చిత్త మునిగిపోతుంది. రైతు చిత్త కార్తె వాన అన్నప్పుడు ఆ చుక్క సూర్యుడి పక్కన ఉందన్నమాట. తర్వాత స్వాతి, విశాఖ. ఎడమ పేజీ పైన కార్తె పేరు రాయమనేది ఇందుకే.

చంద్రుడి చుట్టూ రెండు పిడికిళ్లకు పైగా ఎడంగా వరదగుడి కడితే, చాలా ఎత్తున మంచు పలుకుల పల్చటి మబ్బు ఉన్నట్టు. చంద్రుణ్ణి అంటిపెట్టుకున్న చిన్న రంగుల గుడి వేరు, అది నీటి బిందువుల మబ్బు వల్ల. మొదటిది వానకు ముందు రావచ్చు, ప్రతిసారీ కాదు. గుడి చూసిన తేదీ పక్కన తర్వాతి రెండు రోజుల మిల్లీమీటర్లు రాయండి. సున్నా అయినా సరే, ఖాళీ వదలకండి.

మీ తాతయ్య