సందు చుక్కా, ఎదురు చుక్కా

"పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా." నెలగంట పెట్టాక మా శ్రీకాకుళం వీధుల్లో ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి ముగ్గు ఇలాగే వెళుతుంది. ఆ ఒక్క మాటతో చుక్కల అమరికంతా తెలిసిపోతుంది. చిన్న వాకిట్లో దగ్గరగా పెట్టినా, రోడ్డు మీద దూరంగా పెట్టినా ముగ్గు మాత్రం అదే. సందు చుక్క అంటే పై వరస చుక్కల మధ్య సందులో పెట్టేది, ఎదురు చుక్క అంటే చుక్కకి సరిగ్గా ఎదురుగా పెట్టేది. సందు చుక్క అన్నచోట ఎదురు చుక్క పెడితే మొత్తం వేరే ముగ్గయిపోతుంది.

బట్టల షాపు సంచి మీద వేసే డిజైన్ కూడా ఇలాంటిదే అని నా నమ్మకం.

సాయంత్రం ఏడు రోడ్ల కూడలిలో నిలబడి జనం చేతుల్లోని సంచులు గమనించండి. సంచి ఊగుతుంటుంది, మడత పడుతుంది, షాపు పేరు సగమే కనిపిస్తుంది. అయినా అంచున ఉన్న బుటాల వరస తెలిసినదైతే అది ఏ షాపుదో చెప్పేస్తాం. కారణం కంటిలోనే ఉంది. అక్షరాలు చదివేంత స్పష్టత చూపు నడిమధ్య సుమారు 2 డిగ్రీల మేరకే ఉంటుంది. చెయ్యి చాపితే బొటనవేలు ఎంత వెడల్పు కనిపిస్తుందో, ఇంచుమించు అంత. దాని బయట పక్కపక్కనున్న అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కానీ ఒకే ఆకారం ఒకే ఎడంతో తిరిగి తిరిగి వస్తుంటే, మెదడు దాన్ని విడి బొమ్మలుగా కాకుండా ఒక అల్లికగా పట్టుకుంటుంది. ఓరచూపుకి కూడా అది అందుతుంది.

మరి ఎంత సైజులో వేయాలి? దీనికీ లెక్క ఉంది. లేత, ముదురు చారల జంటలు ఒక డిగ్రీ వెడల్పులో 3 నుంచి 5 ఉన్నప్పుడు మన కన్ను వాటిని అన్నిటికన్నా బాగా గుర్తుపడుతుంది. 10 మీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు 17 సెంటీమీటర్లు. అంటే బోర్డు మీద ఒక్కో బుటా, దాని పక్క ఖాళీతో కలిపి, 4 సెంటీమీటర్లు దాటాలి. చేతిలో అర మీటరు దూరంలో పట్టుకునే బిల్లు కవరుకి 2, 3 మిల్లీమీటర్లు చాలు. సెంటీమీటర్లు మారతాయి, బుటాకీ ఖాళీకీ ఉన్న నిష్పత్తి మారకూడదు. ఫ్లెక్స్ చేసేవాళ్లు జాగా నింపడానికి డిజైన్‌ని అడ్డంగా సాగదీస్తారే, అప్పుడు అడ్డానికీ నిలువుకీ ఉన్న నిష్పత్తి పోయి బుటా ఆకారమే మారిపోతుంది.

నాకు తెలిసిన ఒక షాపులో దసరాకి నెమలి, సంక్రాంతికి మామిడి పిందె, పెళ్లిళ్లకి తామర. ఒక్కోటీ ముద్దుగానే ఉంటుంది. కానీ దేన్నీ కన్ను మళ్లీ మళ్లీ చూడలేదు. పదే పదే కనబడిన ఆకారం మీద, కారణం తెలియకుండానే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ (Zajonc) అనే మనస్తత్వవేత్త 1968లో చూపించాడు. ఫ్రాన్స్‌కి చెందిన లూయీ విటాన్ కంపెనీ పెట్టెల మీది పువ్వులూ అక్షరాలూ 1896 నాటివి. నకిలీల బెడద తప్పించుకోవడానికి మొదలుపెట్టిన ఆ అల్లికనే ఈనాటికీ వాడుతున్నారు. పండగకి కొత్తదనం కావాలంటే రంగు మార్చుకోవచ్చు. అల్లికని ముట్టుకోకూడదు.

మన జిల్లాలో ఈ క్రమశిక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే పొందూరు వెళ్లాలి. జాందానీ నేతలో ప్రతి బుటాకీ అదనపు పేక పోగుల్ని చేత్తో చొప్పిస్తారు. బుటాకీ బుటాకీ ఎడం చూపు అందాజా కాదు, పోగుల లెక్క. చీర మొదట్లోనూ చివర్లోనూ బుటా ఒకేలా కనబడేది ఆ లెక్క వల్లే.

కొత్తగా షాపు పెట్టేవాళ్లు డిజైన్ ఫైలుతో పాటు ఒక్క వాక్యం కూడా రాసి పెట్టుకోవాలి. "సందు చుక్క వరస, మధ్యలో ఒక బుటా అంత ఖాళీ, లేత గోధుమ నేల మీద ముదురు ఎరుపు." ప్రెస్సుకీ, బోర్డు రాసేవాళ్లకీ, సంచులు కుట్టేవాళ్లకీ అదే వాక్యం వెళ్లాలి. ఫైలు దొరక్కపోయినా ఫోన్లో చెప్పేయొచ్చు.