మంత్రదండం వెనుక బొమ్మల దుకాణం

2011 జనవరిలో జపాన్ టెలివిజన్‌లో అర్ధరాత్రి దాటాక ప్రసారమవడం మొదలైన 'మహో షోజో మడోకా మాగికా' అనే అనిమే (జపనీస్ యానిమేషన్ ధారావాహిక), మూడో భాగానికి వచ్చేసరికి ప్రేక్షకులను నిర్ఘాంతపరిచింది. గుండ్రటి ముఖాల పాత్రలు, లేత రంగులు, ఒళ్లో పెట్టుకుని నిమరాలనిపించే క్యూబే అనే తెల్లటి జీవి, ఇవన్నీ చిన్నపిల్లల కార్యక్రమాన్నే తలపిస్తుండగా, కొత్తగా వచ్చిన అమ్మాయిలకు దారి చూపుతున్న మామి తోమోఎ తలను ఒక వికృతాకారం ఒక్క క్షణంలో కొరికేస్తుంది. ఆనాటి చర్చ అంతా ఈ చావు చుట్టూనే తిరిగింది గానీ, మంత్రశక్తి గల బాలికల కథల్లో కథానాయికలు చనిపోవడం అంతకు దాదాపు ముప్పై ఏళ్ల కిందటే జరిగింది. 'మడోకా' నిజంగా కదిలించింది మరో పాత విషయాన్ని: ఆ అమ్మాయి చేతికి మంత్రశక్తి ఎవరిచ్చారు, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? ఈ ప్రశ్న ఎక్కడిదో తెలియాలంటే 45 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మంత్రశక్తి గల బాలికను జపనీయులు 'మహో షోజో' అంటారు. టెలివిజన్‌లో ఈ కోవకు ఆద్యురాలిగా అందరూ చెప్పేది 1966 డిసెంబర్ 5న మొదలైన 'మహోత్సుకాయ్ సాలీ'ని. మిత్సుతెరు యోకోయామా మాంగా (జపనీస్ బొమ్మల కథ) ఆధారంగా నేటి తోయె యానిమేషన్‌కు పూర్వరూపమైన తోయె దోగా దీన్ని 109 భాగాలుగా తీసింది. మొదటి 17 భాగాలు నలుపు తెలుపుల్లో ఉండి, తర్వాతివి రంగుల్లోకి మారాయి. గృహిణిగా బతికే మంత్రగత్తె గురించిన అమెరికన్ హాస్య ధారావాహిక 'బివిచ్డ్' అప్పుడు జపాన్‌లో కూడా ప్రసారమవుతోంది, సాలీ పుట్టుకకు ప్రేరణ అదే. సాలీ మంత్రలోకపు రాకుమారి, ఆమె శక్తి పుట్టుకతో వచ్చింది. చూసే పిల్ల ఆమెను ఇష్టపడవచ్చు, ఆమెలా పుట్టాలని కోరుకోవచ్చు, అంతకు మించి చేయగలిగిందేమీ లేదు.

1969 జనవరిలో వచ్చిన 'హిమిత్సు నో అక్కో-చాన్' ఈ అమరికను మార్చింది. ఫుజియో అకత్సుకా సృష్టించిన అక్కో మామూలు బడిపిల్ల. తాను ప్రాణంగా చూసుకున్న అద్దం పగిలిపోతే పారేయలేక మట్టిలో పాతిపెట్టి సమాధి చేస్తుంది. ఆ మమకారానికి మెచ్చి అద్దాల లోకం ఆమెకు ఒక కాంపాక్టును, అంటే ఆడవాళ్లు పౌడరు అద్దుకోవడానికి సంచిలో పెట్టుకునే మూతగల చిన్న అద్దాన్ని, కానుకగా ఇస్తుంది. మూత తెరిచి 'తెకుమకు మయాకోన్' అని రెండుసార్లు పలికి, ఎవరిలా మారాలో చెబితే చాలు, అక్కో వాళ్లలా మారిపోతుంది. ఇక్కడ శక్తి వంశంలో లేదు, వస్తువులో ఉంది. అరచేతిలో ఇమిడే ఆ వస్తువు బొమ్మల దుకాణంలోకి కూడా వచ్చింది, బాగా అమ్ముడైంది. ఈ కోవ అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఆ తర్వాత వచ్చిన దండాలు, లాకెట్లు, ఉంగరాలు, బ్రూచీలు అన్నీ అక్కో కాంపాక్టు సంతానమే.

అప్పటి టెలివిజన్ వ్యాపార పద్ధతి దీన్ని మరింత బిగించింది. సాయంత్రం వేళ వచ్చే పిల్లల అనిమేకు ప్రసార సమయాన్ని కొనేది ప్రాయోజక సంస్థలు, వాటిలో పెద్ద చేయి బొమ్మల తయారీదారులది. కథ ఎన్ని వారాలు నడవాలి, నాయిక చేతిలోని వస్తువు ఏ రంగులో ఉండాలి, క్రిస్మస్ అమ్మకాల ముందు కొత్త ఆయుధం దొరకాలా అన్నవి కథా రచయిత ఒక్కడే తేల్చే సంగతులు కావు. నాయిక రూపం మారే దృశ్యాన్ని తీసుకుందాం. ఒకసారి శ్రద్ధగా గీసి, ప్రతి వారం మళ్లీ వాడుకునే ఇలాంటి దృశ్యాలను అక్కడి పరిశ్రమలో 'బ్యాంక్' అంటారు. గీతకారుల శ్రమ, ఖర్చు ఆదా అవుతాయి. అదే సమయంలో ఆ వస్తువును ఎలా పట్టుకోవాలో, ఎలా తిప్పాలో, ఏమని పలకాలో ఇంట్లో కూర్చున్న పిల్లకు వారం వారం నేర్పినట్టూ అవుతుంది.

ఈ బంధం తెగితే ఏమవుతుందో 'మహో నో ప్రిన్సెస్ మింకీ మోమో' చూపించింది. 1982 మార్చిలో మొదలైన ఈ ధారావాహికలో, ఆకాశంలో ఉండే కలల దేశం ఫెనారినార్సా రాకుమారి మోమో భూమికి వచ్చి, పెంపుడు జంతువుల దుకాణం నడిపే దంపతుల ఇంట కూతురిగా ఉంటుంది. అవసరమైనప్పుడల్లా నర్సుగానో పోలీసుగానో ఎదిగిన యువతి రూపం దాల్చి సమస్యలు తీరుస్తుంది. 1983 జనవరిలో వచ్చిన 46వ భాగంలో, అప్పటికే మంత్రశక్తి కోల్పోయిన మోమోను నడిరోడ్డు మీద లారీ గుద్దేస్తుంది. ఆమె చనిపోతుంది, ఆ దంపతులకు ఈసారి నిజమైన బిడ్డగా పుడుతుంది. బొమ్మల అమ్మకాలు తగ్గాయని ప్రాయోజకులు ఆపేయమన్నారనీ, దానికి రచనా బృందం ఇచ్చిన జవాబే ఈ ముగింపు అనీ ప్రచారంలో ఉన్న కథనం. ఆ లారీ నిండా ఉన్నవి బొమ్మలేనని అభిమానులు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. తీరా ధారావాహిక ఆగలేదు, 63 భాగాల దాకా సాగింది. ప్రధాన రచయిత తాకెషి షుదో తర్వాతి కాలంలో 'పోకెమాన్' అనిమే రచనకు నాయకత్వం వహించాడు.

1983లో వచ్చిన 'క్రీమీ మామి' బొమ్మతో పాటు పాటనూ అమ్మింది. మంత్రంతో గాయనిగా మారే ఆ పాత్రకు గొంతిచ్చింది అప్పుడే రంగప్రవేశం చేసిన గాయని తాకాకో ఓతా.

ప్రపంచానికి ఈ కోవను పరిచయం చేసింది మాత్రం నావోకో తాకెఉచి 'సైలర్ మూన్'. 1992 మార్చి 7న టీవీ అసాహిలో మొదలై 1997 ఫిబ్రవరి దాకా 200 భాగాలు నడిచింది. ఒంటరిగా చిలిపి పనులు చేసుకునే మంత్రబాలికను తీసుకుని, రంగుకొకరు చొప్పున ఐదుగురు యోధులు కలిసి పోరాడే మగపిల్లల ధారావాహికల చట్రంలో కూర్చోబెట్టడమే అందులోని కొత్తదనం. వ్యాపారపరంగా చూస్తే నాయికలు ఐదింతలు, వస్తువులూ ఐదింతలు! గులాబీ రంగు పిడి మీద పసుపు నెలవంక ఉన్న మూన్ స్టిక్ మొదటి ఏడాదిది, రెండో ఏడాదికి క్యూటీ మూన్ రాడ్, మూడో ఏడాదికి స్పైరల్ హార్ట్ మూన్ రాడ్ వచ్చాయి. అయినా ఆ రచనా బృందం లొంగిపోయి కూర్చోలేదు. 1993 ఫిబ్రవరిలో, మొదటి ఏడాది చివరి రెండు భాగాల్లో, నలుగురు స్నేహితురాళ్లూ మంచు మైదానంలో ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలిస్తారు. చివర్లో అందరూ మళ్లీ బతుకుతారు గానీ జరిగినదేదీ వాళ్లకు గుర్తుండదు. 1995లో అమెరికాలో ప్రసారమైన ఇంగ్లిష్ అనువాదం ఆ రెండు భాగాలను కత్తిరించి ఒక్కటిగా అతికించి, వాళ్లు చనిపోలేదు, బందీలయ్యారంతే అన్నట్టు మార్చేసింది.

'మడోకా' నాటికి డబ్బు వచ్చే దారి మారింది. 1990ల చివరి నుంచి అర్ధరాత్రి అనిమే పెరిగింది. కొన్ని సంస్థలు కలిసి నిర్మాణ సమితిగా ఏర్పడి, చవకగా దొరికే ఆ వేళను తామే కొని, పెట్టుబడిని పెద్దవాళ్లు కొనే వీడియో డిస్కుల ద్వారా రాబట్టుకునేవి. దర్శకుడు అకియుకి షిన్బో, రచయిత గెన్ ఉరోబుచి 12 భాగాల్లో కథ ముగించగలిగారంటే, ఐదేళ్ల పిల్లకు దండం అమ్మాల్సిన పని వాళ్లకు లేదు గనుకే. క్యూబే ఒక కోరిక తీరుస్తానంటాడు, బదులుగా ఒప్పందం అడుగుతాడు. ఒప్పుకున్న అమ్మాయి చేతికి సోల్ జెమ్ అనే మిలమిలలాడే రాయి వస్తుంది. చూడటానికి అది అక్కోకు దొరికిన కాంపాక్టులాంటిదే. తర్వాత గానీ అసలు విషయం బయటపడదు: ఆ రాయి కానుక కాదు, ఆ అమ్మాయి ఆత్మే. శరీరం ఖాళీ తొడుగు. నలభై ఏళ్లుగా ఆడపిల్లలకు మురిపెంగా అందించిన వస్తువును ఉరోబుచి తిరగేసి, దాని అడుగున అంటించి ఉన్న ధర చీటీని చూపించాడనిపిస్తుంది. 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీల వల్ల ఆగిపోయిన చివరి రెండు భాగాలు ఏప్రిల్ 21 రాత్రి దాటాక ప్రసారమయ్యాయి.

ఆ సోల్ జెమ్‌లు కూడా అభిమానుల కోసం నగలుగా, అలంకార వస్తువులుగా అంగళ్లలోకి వచ్చాయి. మరోవైపు 2004 ఫిబ్రవరి 1న మొదలైన తోయె వారి మంత్రబాలికల ధారావాహిక 'ప్రిక్యూర్' ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు నేటికీ వస్తూనే ఉంది. దాదాపు ఏటా ఫిబ్రవరిలో పాత నాయికలు సెలవు తీసుకుని కొత్తవాళ్లు వస్తారు, వాళ్లతో పాటే దుకాణాల అరల్లోకి కొత్త కాంపాక్టులూ వస్తాయి.