సోడా లైమ్ రంగు చెప్పని సంగతి

సోమవారం ఉదయం, మొదటి ఆపరేషన్. శుక్రవారం చివరి కేసు అయ్యాక మత్తు మెషిన్ ఆక్సిజన్ నాబ్ పూర్తిగా కట్టేయడం ఎవరో మరిచిపోయారు. రెండు రోజులు పొడి ఆక్సిజన్, రోగి వదిలిన గాలిని శుద్ధి చేసే సోడా లైమ్ గుళికల మీదుగా పారి, వాటిలోని తేమంతా లాగేసింది. ఇప్పుడు అదే మెషిన్‌తో డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు ఆవిరి ఇస్తే, ఎండిన గుళికల్లోని గాఢ క్షారాలు దాన్ని విడగొట్టి కార్బన్ మోనాక్సైడ్ పుట్టించవచ్చు. వేలికి తగిలించే మామూలు పల్స్ ఆక్సీమీటర్ ఆ విషవాయువును గుర్తించలేదు. అంకె బాగానే కనిపిస్తుంది. గాఢ క్షారాలు లేని కొత్త రకం గుళికలతో ఈ భయం చాలావరకు లేదు. కానీ డబ్బాలో ఉన్నది ఏ రకమో మత్తు డాక్టరుకు తెలిసి ఉండాలి కదా!

రోగి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం సోడా లైమ్ పని. శక్తి అయిపోయేకొద్దీ తెల్ల గుళికలు ఊదారంగుకు తిరుగుతాయి. అయితే కాసేపు వాడకుండా వదిలేస్తే ఆ రంగు మళ్లీ వెలిసిపోవచ్చు. రాత్రి ఊదాగా ఉన్నది పొద్దున తెల్లగా కనిపించిందంటే కోలుకుందని కాదు. ఎండిపోయిందో లేదో అసలే రంగు చెప్పదు. అందుకే డబ్బా మీద మార్చిన తేదీ రాయాలి. కొత్త గుళికలు నింపాక రబ్బరు అంచును తుడవాలి, అక్కడ ఒక్క గుళిక ఇరుక్కున్నా గాలి లీకవుతుంది. నింపిన ప్రతిసారీ లీక్ టెస్టు చెయ్యాలి: గొట్టం కొస మూసి, 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా నింపితే కనీసం 10 సెకన్లు ముల్లు కదలకూడదు.

కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే రసాయన చర్యలో నీరు కూడా పుడుతుంది. అది వాల్వుల్లోని పల్చటి బిళ్లలకు పడితే అవి అతుక్కుంటాయి, వదిలిన గాలినే రోగి మళ్లీ పీలుస్తాడు. రోగి శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్‌లో, గాలి పీల్చేటప్పుడు గీత సున్నాకు దిగకపోతే ముందు వాల్వునూ, సోడా లైమ్‌నూ అనుమానించాలి. ఇవన్నీ టెక్నీషియన్ చూసుకుంటాడులే అని వదిలేసే అలవాటే నన్ను కలవరపెడుతుంది. మందుల మోతాదులు ఏళ్ల తరబడి చదివే డాక్టరు, ఈ బిళ్లను విప్పి ఆరబెట్టడం కూడా ఒకసారి తన చేత్తో చేసి నేర్చుకోవాలి.

శుభ్రత సంగతికొస్తే, గొంతులోకి చూడటానికి వాడే, నోటి లోపలి పొరను తాకే లారింగోస్కోప్ బ్లేడుకు గట్టి క్రిమినాశనం తప్పదు. మెషిన్ నాబ్‌లను గుడ్డతో తుడిస్తే చాలంటారు. నిజమే, కానీ రోగి నోట్లో పెట్టిన వేళ్లే మరుక్షణం ఆ నాబ్ తిప్పుతాయి. కాబట్టి కేసుకూ కేసుకూ మధ్య తుడవాలి, అదీ క్రిమినాశక మందు సీసా మీద రాసినంతసేపు తడి ఆరకుండా. మందును నేరుగా మెషిన్ మీద స్ప్రే చెయ్యకూడదు, గుడ్డను తడపాలి. గొట్టానికీ రోగికీ మధ్య ఉండే ఫిల్టరు ప్రతి రోగికీ కొత్తదే వాడాలి.

కొత్త మెషిన్లు వాటంతట అవే పరీక్ష చేసుకుని 'పాస్' అంటాయి. పక్కన, నోట్లో చేరే ద్రవాలను లాగేసే సక్షన్ పనిచేస్తోందో లేదో వాటికి తెలియదు. అమెరికా మత్తు వైద్యుల సంఘం 2008లో ఇచ్చిన తనిఖీ జాబితాలో మొదటి అంశం మెషిన్ లోపలిది కాదు: విడిగా ఒక ఆక్సిజన్ సిలిండరు, చేత్తో నొక్కే అంబు బ్యాగ్ దగ్గరే ఉన్నాయా, పనిచేస్తున్నాయా?