వ్యవసాయ యూనివర్సిటీ అంటే డిగ్రీలేనా? గోదావరి డెల్టాలో నేను వినే అపోహలు

పెనుగొండ దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన అడిగారు: "మీ యూనివర్సిటీ వాళ్లు పిల్లలకు డిగ్రీలివ్వడం తప్ప ఇంకేం చేస్తారండీ?" ఈ సార్వాకి (ఖరీఫ్‌కి) ఏ వరి రకం ఊడ్చారని అడిగాను. "7029. మా నాన్నగారి నుంచీ అదే" అన్నారు. ఆ విత్తనం ఆయన ఊరికి కూతవేటు దూరంలో, మారుటేరులో పుట్టిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ తప్పు మాదే. వరి ప్రజననంలో, అంటే కొత్త వరి రకాలు తయారుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి కొన్ని విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పరిశోధన అంటే ఢిల్లీలోనో విదేశాల్లోనో జరిగేది.

వాస్తవం: ఎం.టి.యు. 7029లో ఎం.టి.యు. అంటే మారుటేరే. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. అంటే ఇప్పుడు దాన్ని నడుపుతున్న మా ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం (1964) కంటే పాతది. వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరిచి తయారుచేసిన ఈ 7029, అదే స్వర్ణ, 1982లో విడుదలైంది. ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ పొలాల దాకా వెళ్లింది. తర్వాత విజేత (1001), కాటన్‌దొర సన్నాలు (1010) కూడా ఇక్కడి నుంచే వచ్చాయి.

ఈ పని డెల్టాలోనే ఎందుకు చేయాలంటే, మన కష్టమూ ఇక్కడే ఉంది. ఊడ్చిన పదిహేను రోజులకే వాన పడితే డ్రెయిన్లు లాగవు, చేను మునుగుతుంది. కోతకొచ్చాక తుపాను వస్తే పడిపోయిన వెన్నుల్లోనే గింజ మొలకెత్తుతుంది. మధ్యలో దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ, ఆకుల్ని ఎండబెట్టే ఎండాకు తెగులు. వీటన్నిటినీ తట్టుకునే మొక్కను ఈ నీళ్లలో పెంచి చూస్తేనే ఎంచుకోగలం.

అలాగని ఒంటరిగా చేసే పనీ కాదు. మునకను తట్టుకునే జన్యువు ఒడిశా పాత రకంలో దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని మన స్వర్ణలోకి తెచ్చింది. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. అంత పెద్ద సంస్థకీ మారుటేరు వరే ఆధారమైంది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: కొత్త రకం ఏడాదిలో తయారవుతుంది, కావాలనే ఆలస్యం చేస్తారు.

వాస్తవం: సాయంత్రం అప్పుడే పొట్టలోంచి బయటపడిన వెన్ను తీసుకుని, ఒక్కో గింజ కొన కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులూ తీసేసి, సంచి తొడుగుతాం. మర్నాడు రెండో రకం పుప్పొడి దులుపుతాం. అలా వచ్చిన సంతానంలోంచి తరం తర్వాత తరం ఎంచుకుంటూ పోవాలి. ఆ తర్వాత కేంద్రాల్లో పరీక్షలు, ఆపైన రైతుల పొలాల్లో చిరుసంచుల ప్రయోగాలు (కొద్దికొద్దిగా విత్తనమిచ్చి వేయించి చూడటం). ఎనిమిది, పదేళ్లు పడుతుంది. దాళ్వాలోనూ (రబీలోనూ) పంట వేసుకోగలగడం వల్ల కొంత కాలం కలిసొస్తుంది. తొందరపడి వదిలితే నష్టపోయేది కౌలు రైతు.

అపోహ: పరిశోధన వేరు, పాఠం వేరు.

వాస్తవం: రాజమహేంద్రవరం వ్యవసాయ కళాశాలలోగానీ మరోచోటగానీ బీఎస్సీ అగ్రికల్చర్ చదివేవాళ్లు ఆఖరి ఏడాది పల్లెల్లో రైతులతో ఉండి నేర్చుకోవాలి. పుస్తకంలో సుడిదోమను బట్టీపట్టిన పిల్లలు, మోకాలు లోతు నీళ్లలో దిగి దుబ్బు వంచి మొదట్లో దాన్ని చూశాక అడిగే ప్రశ్నలే వేరు. వాటిలో కొన్ని మా పరిశోధనలోకి కొత్త పనిగా వస్తాయి.

అపోహ: విత్తనం ఏటా కొనాల్సిందే.

వాస్తవం: పైన చెప్పిన రకాలేవీ హైబ్రిడ్‌లు (విత్తనం కోసం ప్రతిసారీ కొత్తగా సంకరం చేయాల్సినవి) కావు. కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) ఏరేసి, బాగా ఆరబెట్టి మీ విత్తనం మీరే దాచుకోవచ్చు. మూడు పంటలకోసారి మార్చుకుంటే చాలు.

ఇంకో మాట. చేనుకు జబ్బు వచ్చిందని రైతులకు సలహాలిచ్చే మా ఏరువాక కేంద్రానికో, ఉండి కృషి విజ్ఞాన కేంద్రానికో వచ్చేటప్పుడు ఎండిన ఆకు ఒక్కటే తేకండి. జబ్బు దుబ్బునూ, పక్కనున్న మంచి దుబ్బునూ వేళ్లూ మట్టీతో సహా తడిగుడ్డలో చుట్టి తెండి. ఏ మందు ఎప్పుడు కొట్టారో ఒక కాగితం మీద రాసుకుని రండి.