కుంగుబాటు: పెద్దల మెదడు పటం పిల్లలకు ఎందుకు సరిపోలేదు

ఇంటర్ చదివే పిల్లలు వారాల తరబడి ముభావంగా, చిరాగ్గా ఉంటే హైదరాబాద్‌లో చాలామంది తల్లిదండ్రులు డాక్టరును అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఎంఆర్‌ఐ తీయిస్తే తెలిసిపోతుంది కదా?’ కుంగుబాటులో మెదడు భాగాల మధ్య అనుసంధానం మారుతుందన్న వార్తలు చదివి అడిగే మాట ఇది. ఆ వార్తలు అబద్ధం కాదు. అయితే వాటి వెనకున్న పరిశోధనలో ఎక్కువ భాగం పెద్దవాళ్ల మీద జరిగింది. ఆ ఫలితాలను పదహారేళ్ల పిల్లలకు వర్తింపజేయబోతే ఎక్కడెక్కడ తేడా కొట్టిందో తెలిస్తేనే ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.

మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చెప్పే రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులను ఎంఆర్‌ఐ పట్టుకోగలదని 1990లో సెయిజి ఒగావా బృందం చూపింది. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో భరత్ బిశ్వాల్ మరో సంగతి గమనించారు. మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా, చేతుల కదలికను నడిపే కుడి ఎడమ ప్రాంతాల్లో సంకేతాలు కలిసే పెరుగుతున్నాయి, కలిసే తగ్గుతున్నాయి. అంతవరకూ దాన్ని పనికిరాని రొద కింద తీసిపారేసేవారు. రెండు ప్రాంతాల సంకేతాలు ఇలా కలిసి నడవడాన్నే అనుసంధానం అంటున్నాం. 2001లో మార్కస్ రైకిల్ బృందం, మనసు తన గురించి తాను ఆలోచించుకునేటప్పుడు చురుగ్గా ఉండే ప్రాంతాల సముదాయాన్ని వివరించింది. దాన్నే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటున్నాం.

కుంగుబాటులో అవే బాధలను తిరగేసుకుంటూ కూర్చోవడం ప్రధాన లక్షణం కాబట్టి అందరి చూపూ ఈ నెట్‌వర్క్ మీద పడింది. 2005లో హెలెన్ మేబర్గ్ బృందం, ఏ మందుకూ లొంగని ఆరుగురు రోగులకు మెదడు మధ్యభాగాన ముందువైపు ఉండే ‘ఏరియా 25’ దగ్గర సన్నని విద్యుత్తు పంపే ఎలక్ట్రోడ్లు అమర్చితే నలుగురిలో మెరుగు నిలిచింది. రోగుల్లో ఆ ప్రాంతం డిఫాల్ట్ నెట్‌వర్క్‌తో మామూలు కంటే గట్టిగా ముడిపడి ఉందని 2007లో గ్రైసియస్ బృందం రాసింది. 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణ కూడా డిఫాల్ట్ నెట్‌వర్క్‌లో అనుసంధానం ఎక్కువనీ, ఏకాగ్రతను నడిపే నెట్‌వర్క్‌లో తక్కువనీ తేల్చింది. వార్తల్లోకి ఎక్కువగా ఎక్కింది ఈ చిత్రమే.

2019లో చైనాలోని 25 బృందాలు 1,300 మంది రోగుల స్కాన్లు కలిపి చూస్తే కథ తిరగబడింది. కుంగుబాటు మళ్లీ మళ్లీ వచ్చినవారిలో డిఫాల్ట్ నెట్‌వర్క్ అనుసంధానం తక్కువగా కనిపించింది. మొదటిసారి జబ్బుపడి ఇంకా మందులు మొదలుపెట్టనివారిలో ఆ తేడా లేదు. మందుల వాడకంతోనే దానికి సంబంధం ఉన్నట్టు తేలింది. టీనేజర్ల విషయంలో ఇది కీలకం. వాళ్లలో చాలామంది మొదటిసారి జబ్బుపడినవారే మరి.

అసలు పిల్లలకు కుంగుబాటు వస్తుందని వైద్యులు ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. 1970ల వరకూ రాదనే వాదన బలంగా ఉండేది. 1980లో మానసిక జబ్బుల అమెరికన్ నిర్ధారణ పుస్తకం మూడో కూర్పు పెద్దల ప్రమాణాలనే పిల్లలకూ వర్తింపజేసింది. స్కాన్ పరిశోధకులూ అదే బాటలో పెద్దల్లో తేడా కనిపించిన చోటే పిల్లల్లోనూ వెతికారు. కానీ నుదుటి వెనక భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. భయాన్ని పసిగట్టే అమిగ్డలాతో దానికుండే సంబంధం చిన్నప్పుడు ఒకలా, టీనేజీలో మరోలా ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్లను పంతొమ్మిదేళ్ల యువతితో ఒకే గుంపులో వేస్తే కనిపించే తేడా జబ్బుదో వయసుదో చెప్పలేం.

ఇంకో చిక్కు తల కదలిక. మామూలుగా ఎంఆర్‌ఐ యంత్రంలో కళ్లు తెరిచి ఒక గుర్తును చూస్తూ ఎనిమిది నిమిషాలు పడుకోవాలి. రెండు సెకన్లకో చిత్రం చొప్పున 240 చిత్రాలు వస్తాయి. మెదడును 264 ప్రాంతాలుగా విడదీస్తే పోల్చాల్సిన జంటలు 34,716. తల అర మిల్లీమీటరు కదిలినా దగ్గరి ప్రాంతాల అనుసంధానం లేనంత గట్టిగా, దూరపు ప్రాంతాలది ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. 2012లో మూడు బృందాలు విడివిడిగా ఇదే చూపించాయి. అప్పటిదాకా పిల్లల మెదడు ఎదుగుదల గురించి చెబుతూ వచ్చిందీ సరిగ్గా అదే కావడంతో ఆ ఫలితాల్లో కొంత భాగాన్ని మళ్లీ తూచాల్సి వచ్చింది. ఇప్పుడు కదిలిన చిత్రాలను తీసేస్తారు, మిగిలింది మరీ తక్కువైతే స్కాన్ మొత్తాన్నే పక్కన పెడతారు. దాంతో స్థిమితంగా ఉండలేని పిల్లలే లెక్కలోంచి జారిపోతారు. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. నిద్ర మరో సమస్య. స్కానర్‌లో పడుకున్నవారిలో మూడోవంతు మంది మూడు నిమిషాల్లోపే కునుకులోకి జారుతారు. రాత్రి పొద్దుపోయేదాకా చదివే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

నిర్మాణంలోనూ ఇదే తేడా. 2017లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం పెద్ద రోగుల్లో మెదడు పైపొర కొన్నిచోట్ల పలచబడిందని చూపింది. టీనేజర్లలో మందం తగ్గలేదు, ఉపరితల వైశాల్యం తగ్గింది. 2020లో నరాల తీగలను పరిశీలిస్తే పెద్దల్లో 25 మార్గాలకు గాను 16లో స్వల్ప తేడా కనబడింది. టీనేజర్లలో గట్టిగా నిలిచే తేడా ఒక్క మార్గంలోనూ దొరకలేదు. ఇవన్నీ వందల మంది సగటులో బయటపడే తేడాలు. ఒక్క మనిషి స్కాన్ చూసి ఇతనికి కుంగుబాటు ఉందనో లేదనో చెప్పడానికి చాలవు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2019లో ప్రకటించిన భారతీయ మెదడు నమూనా వందమంది ఆరోగ్యవంతుల స్కాన్లతో తయారైంది. మనవాళ్ల మెదడు కొలతలు పాశ్చాత్య నమూనాలతో సరిపోవని అది చూపింది. ఎంతో అవసరమైన పని అది. కానీ అందులో ఉన్నవారంతా 21 నుంచి 30 ఏళ్లవారే. ఆరేళ్ల నుంచి 23 ఏళ్ల వయసువారిని పరిశీలించే సీ-వేదా అధ్యయన కేంద్రాల్లో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ ఒకటి. మన టీనేజర్ల మెదడు గురించి చెప్పాల్సింది ఇలాంటి అధ్యయనాలే.

కాబట్టి మూర్ఛ, కొత్తగా మొదలైన తీవ్రమైన తలనొప్పి, కాలూ చెయ్యీ బలహీనపడటం, తలకు దెబ్బ వంటివి ఉంటే తప్ప ఎంఆర్‌ఐకి డబ్బు పోయనక్కర్లేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చాలావరకు ముందు చేయిస్తారు. నిర్ధారణ మాటల ద్వారానే జరుగుతుంది. నిర్ధారణ పుస్తకం చెప్పే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు రెండు వారాలపాటు ఉండాలి. పిల్లల్లో దిగులుకు బదులు చిరాకు కనిపించినా లెక్కే. 2004లో 439 మంది టీనేజర్లపై జరిగిన టాడ్స్ అనే చికిత్సా పరీక్షలో ఫ్లూక్సెటిన్ అనే కుంగుబాటు మందు, మాటల చికిత్స కలిపి ఇచ్చినవారిలో పన్నెండు వారాలకు 71 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 35 శాతం. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ అదే ఏడాది హెచ్చరించింది. ఆ రోజుల్లో పిల్లలను ఒంటరిగా వదలకూడదు, మందును సొంతంగా ఆపకూడదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించుకోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.